ఖాళీ బుట్టలో కూర్చున్న కోడి: పొదిగించాలా, మాన్పించాలా?

ప్రశ్న: మా పెరట్లో అయిదు పెట్టలున్నాయి, పుంజు లేదు. వాటిలో ఒకటి పది రోజులుగా గుడ్లు పెట్టే బుట్టలోంచి కదలడం లేదు. చెయ్యి పెడితే ఈకలు లేపి పొడుస్తోంది. గుడ్లు తీసేసినా ఖాళీ బుట్టలోనే కూర్చుంటోంది. మిగతా కోళ్లు వచ్చి అక్కడ గుడ్డు పెడితే దాన్నీ పొట్ట కిందికి లాక్కుంటోంది. మనిషి సన్నబడినట్టు కోడి సన్నబడిపోయింది. తెలిసినవాళ్లు పుంజు తొక్కిన గుడ్లు ఇస్తామంటున్నారు, మా పిల్లలేమో కోడిపిల్లలు కావాలని గొడవ. మా అత్తగారు చన్నీళ్లలో ముంచితే దారికొస్తుందంటారు. పక్కింటావిడ వదిలేస్తే అదే లేస్తుందంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు:

మీరు రాసిన లక్షణాలన్నీ చూస్తే ఇది జబ్బు కాదండీ, కోడి పొదుగుకొచ్చింది. ఒక్కటి మాత్రం చూసి ఖాయం చేసుకోండి. జబ్బు చేసిన కోడి కూడా ఒక మూల ముడుచుకుని కూర్చుంటుంది. కానీ దానికి పొడిచే ఓపిక ఉండదు, కళ్లు మూతలు పడుతుంటాయి, తోక వాలిపోతుంది. పొదుగుకొచ్చిన కోడి అలా కాదు. చెయ్యి దగ్గరికి రాగానే ఉబ్బిపోయి రెట్టింపవుతుంది, గొంతులోంచి గుర్రుమంటుంది. కిందికి దించితే కొక్ కొక్ కొక్ అంటూ ఈకలు రిక్కించుకుని తిరుగుతుంది. రోజుకోసారో రెండుసార్లో లేచి, గబగబా నాలుగు గింజలు మింగి, నీళ్లు తాగి, వాసనకి మనం ముక్కు మూసుకునేంత పెద్ద రెట్ట వేసి మళ్లీ పరుగెత్తి బుట్టెక్కుతుంది. పొట్ట కింద ఈకలు రాలి చర్మం కనిపిస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు. గుడ్లకి వేడి నేరుగా తగలాలని ఒళ్లు చేసుకున్న ఏర్పాటది.

ఇక మీకొచ్చిన సలహాల సంగతి. చన్నీళ్ల మాటకి మీరు భయపడినట్టున్నారు, దాని గురించి తర్వాత చెప్తాను. నన్నడిగితే వాటన్నిటిలో చెడ్డది పక్కింటావిడ సలహా. వినడానికి ఎంతో దయగా ఉంటుంది గానీ, కోడికి జరిగే నష్టం అందులోనే ఎక్కువ.

ఎందుకంటే కోడికి రోజులు లెక్కపెట్టడం రాదు. గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడుతుందని మనకు తెలుసు, దానికి తెలియదు. కింద పిల్లల కిచకిచలు వినిపించి, అవి కదులుతుంటే తప్ప దాని పని పూర్తయినట్టు కాదు. మీకు పుంజు లేదు కాబట్టి దాని కిందున్న ఏ గుడ్డూ పిల్ల కాదు. అంటే ఆ పని ఎప్పటికీ పూర్తి కాదు. కొన్ని కోళ్లు మూడు నాలుగు వారాలకి విసిగి లేస్తాయి, నిజమే. కొన్ని నెల దాటినా లేవవు. ఈలోగా గుడ్లు పెట్టవు, తిండి సరిగ్గా తినవు, ఒంట్లో దాచుకున్న కొవ్వూ కండా కరిగించుకుని బతుకుతుంటాయి. తురాయి ఎరుపు తగ్గి పాలిపోయి ముడుచుకుపోతుంది. మీరు సన్నబడిందన్నది ఇదే. దానికి తోడు, తీయకుండా మిగిలిపోయిన గుడ్లు ఆ వేడికి మురిగిపోతాయి. లోపల గ్యాసు నిండిన మురుగు గుడ్డు ఒక్కటి బుట్టలో పగిలిందా, ఆ కంపు పోవడానికి మీకు పండగే.

కాబట్టి మీరు చేయాల్సింది ఏదో ఒకటి తేల్చుకోవడం. పిల్లల్ని లేపే అవకాశం ఇస్తారా, ఇవ్వండి. వద్దా, మాన్పించండి. ఏ పక్కకైనా సరే, ఇవాళో రేపో తేలాలి. ఇప్పటికే పది రోజులయ్యాయి.

తేల్చుకునే ముందు కోడిని ఒకసారి చేతుల్లోకి తీసుకోవాలి. చీకటి పడ్డాక వెళ్లండి, ఆ వేళకి పొడుపు తగ్గుతుంది. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే ఇంకా ధైర్యంగా ఉంటుంది. పై నుంచి ఒక్కసారిగా ఎత్తకండి. ముందు ఒక అరచెయ్యి రొమ్ము కిందికి పోనిచ్చి, రెక్కల కింద వేళ్లతో తడమండి. చాలాసార్లు గుడ్డు ఒకటి రెక్కకీ ఒంటికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. చూడకుండా ఎత్తితే అది జారి కింది గుడ్ల మీద పడి రెండూ పగులుతాయి. అది తీసేశాక నెమ్మదిగా ఎత్తి, రొమ్ము మధ్య ఎముకని బొటనవేలితో నిమిరి చూడండి. ఎముకకి రెండు పక్కలా కండ గుండ్రంగా తగులుతుంటే ఇంకా బలం ఉన్నట్టు. కత్తి అంచులా ఎముక ఒక్కటే పొడుచుకుని, పక్కలు లోపలికి పోయి ఉంటే ఇక పొదిగే ఓపిక దానికి లేదు.

అలాగే టార్చి వేసి ముడ్డి చుట్టూ, రెక్కల కింద ఈకలు విడదీసి చూడండి. మామూలు కోడి రోజూ మట్టిలో పొర్లి పేలు దులుపుకుంటుంది. పొదిగే కోడికి ఆ తీరిక ఉండదు. పేలు, వాటి గుడ్ల గుత్తులు ఈకల మొదళ్లకి తెల్లగా అంటుకుని కనిపిస్తాయి. ఎర్రటి నల్లులాంటి సన్న పురుగులు ఇంకా దొంగవి. పగలు బుట్ట సందుల్లో, చెక్క పగుళ్లలో దాక్కుని రాత్రి పూట వచ్చి రక్తం తాగుతాయి. అందుకే రాత్రి చూడమంటున్నాను. తెల్ల కాగితమో గుడ్డో తీసుకుని బుట్ట కింద అంచుల్లో రుద్దితే ఎర్రటి మరకలు పడితే అవి ఉన్నట్టే. తురాయి బాగా తెల్లబోయిన కోళ్లలో తిండి లేకపోవడం కంటే ఈ పురుగులే కారణమై ఉండడం మామూలే. పురుగులు కనిపిస్తే పాత గడ్డి మొత్తం తీసి కాల్చేయండి, బుట్ట మార్చండి, కోళ్లకి వాడదగ్గ మందేదో పశువైద్యుణ్ణి అడిగి చల్లండి. కుక్కలకి వాడేదో, పొలంలో చల్లేదో తెచ్చి కోడికి కొట్టకండి.

ఇప్పుడు పొదిగించాలా వద్దా. మీ పిల్లల ఉత్సాహం నాకు అర్థమవుతుంది, గుడ్డు పగిలి పిల్ల బయటికి రావడం చూడడం కంటే మించిన పాఠం ఏముంటుంది. కానీ లేచిన పిల్లల్లో ఇంచుమించు సగం పుంజులుంటాయి. అవి పెరిగి కూతలు మొదలుపెట్టి ఒకదాన్నొకటి పొడుచుకునే రోజొస్తుంది, అయిదు పెట్టల మీద నాలుగు పుంజులు ఎగబడే రోజూ వస్తుంది. అప్పుడు వాటిని ఎవరికిస్తారో, ఏం చేస్తారో ఇప్పుడే అనుకోండి. ఇంట్లో పిల్లలు పేర్లు పెట్టుకున్నాక ఆ మాట ఎత్తడం కష్టం. దానికి తోడు మూడు వారాలు పొదుగు, ఆపైన ఆరేడు వారాలు పిల్లల పెంపకం, ఇంత కాలం ఆ ఒక్క కోడి నుంచి గుడ్లుండవు. తల్లికీ పిల్లలకీ విడిగా ఒక చోటు కావాలి. ఇవన్నీ సరే అనుకుంటేనే దిగండి.

మీ విషయంలో ఇంకో చిక్కుంది. ఇప్పటికి పది రోజులు కూర్చుంది. ఇవాళ గుడ్లు పెడితే ఇంకో 21 రోజులు. మొత్తం 31 రోజులు. బలమున్న కోడి అది తట్టుకుంటుంది. రొమ్ము ఎముక పొడుచుకొచ్చిన కోడి తట్టుకోలేదు. అందుకే నా మాట ఇది: కండ ఉంటే పొదిగించండి, లేకపోతే ఈసారికి మాన్పించండి. కోడి పొదుగుకి రావడం ఇదే మొదలూ కాదు, ఆఖరూ కాదు.

మాన్పించాలనుకుంటే అసలు లోపల ఏం జరుగుతోందో తెలిస్తే పద్ధతి సులువుగా అర్థమవుతుంది. పొదిగే కోడి ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. అది గుడ్లు తయారు కావడం ఆపేసి కూర్చోబెడుతుంది. బుట్టలో చీకటి, పొట్ట కింద వెచ్చదనం, గుడ్డు తగులుతున్న స్పర్శ ఆ హార్మోన్ని పైపైకి ఎగదోస్తుంటాయి. మనం చేయాల్సిందల్లా ఆ మూడూ లేకుండా చేయడం. చీకటి బదులు వెలుతురు, గడ్డి బదులు గట్టి అడుగు, పొట్టకి వెచ్చదనం బదులు గాలి.

ఇనుప జాలీ అడుగున్న పంజరం ఒకటి చూడండి. నాలుగు ఇటుకల మీదో, రెండు చెక్కల మీదో ఎత్తుగా పెట్టండి, కింద నుంచి గాలి ఆడాలి. లోపల గడ్డి, గోనె, గుడ్డ ఏదీ వద్దు. మేత గిన్నె, నీళ్ల గిన్నె మాత్రం పెట్టండి, అవి ఎప్పుడూ నిండుగా ఉండాలి. నీడలో పెట్టండి, కానీ చీకట్లో కాదు. మిగతా కోళ్లు కనిపిస్తుండాలి. జాలీ కన్ను మరీ పెద్దదైతే కాళ్లు ఇరుక్కుంటాయి, అది చూసుకోండి. రాత్రి పూట పిల్లీ కుక్కా అందుకోలేని చోటికి పంజరంతో సహా మార్చండి. మొదటి రోజు అది చేసే గోల వింటే మీకు జాలేస్తుంది. వేయనీయండి.

మూడో రోజు వదిలి చూడండి. నేరుగా బుట్ట వైపు పరుగెత్తి ఎక్కి కూర్చుంటే ఇంకా తగ్గలేదు, మళ్లీ పంజరంలో పెట్టి ఇంకో రెండు మూడు రోజులు. అందరితో కలిసి నేల గీరుకుంటూ తిరిగి, సాయంత్రానికి కోళ్లు పడుకునే దండెం మీదికి ఎక్కితే మానినట్టే. పొదుగుకొచ్చిన రెండు రోజుల్లో పట్టుకుంటే మహా అయితే మూడు రోజుల్లో మానుతుంది. మీది పది రోజులది, కొంచెం ఎక్కువే పట్టొచ్చు. మానిన తర్వాత గుడ్డు పెట్టడానికి ఇంకో రెండు మూడు వారాలు పట్టినా కంగారు పడకండి. కరిగిపోయిన ఒళ్లు తిరిగి రావాలి కదా.

ఇక మీ అత్తగారి చన్నీళ్ల మాట. పొట్ట చల్లబడాలన్న ఆలోచన తప్పు కాదు, పాతకాలం వాళ్లు కారణం తెలియకపోయినా దారి కనిపెట్టారు. కానీ ముంచిన కోడి కాసేపటికి ఆరిపోతుంది, ఆరగానే మళ్లీ బుట్టెక్కుతుంది. అలా రోజుకి మూడుసార్లు ముంచాల్సి వస్తుంది. ఈకల్లోకి నీరు దిగిన కోడి చల్లటి గాలికి వణికి నీరసపడుతుంది. పంజరం పద్ధతిలో గాలి రోజంతా అదే పని చేస్తుంది, కోడికి హింస లేదు. ఈ మాట అత్తగారికి మీ మాటగా కాకుండా నా మాటగా చెప్పండి, గొడవుండదు. కొందరు ముక్కులో ఈక దూరుస్తారు, కాలు కట్టేసి ఎండలో పడేస్తారు, రెండు రోజులు మేతా నీళ్లూ ఆపేస్తారు. అవేవీ చేయకండి. ఎండిపోయిన కోడిని ఇంకా ఎండగట్టడమే తప్ప వాటి వల్ల ఒరిగేదేం లేదు.

పొదిగిస్తామంటే, ముందు చోటు మార్చండి. ఇప్పుడున్న బుట్టలో పొదిగిస్తే మిగతా నాలుగు కోళ్లు రోజూ వచ్చి అందులోనే గుడ్లు పెడతాయి. అది వాటినీ పొదుగుతుంది. అప్పుడు ఒక గుడ్డుకి 21 రోజులు నిండే సరికి ఇంకోదానికి 15, మరోదానికి 9. ముందు లేచిన పిల్లల్ని తీసుకుని తల్లి దిగిపోతుంది, సగం ఎదిగిన గుడ్లు చల్లబడి లోపలే చస్తాయి. పెరటి కోళ్లలో పొదుగు పాడవడానికి నేను చూసిన కారణాల్లో మొదటిది ఇదే. విడి గదో, జాలీ కట్టిన మూలో, బోర్లించిన పెద్ద పెట్టో, ఏదైనా సరే, ఎలుకా పామూ దూరని చోటు, వాన తగలని చోటు, ఎండ ముదిరితే ఉడికిపోని చోటు చూడండి. నేల మీద కొంచెం మట్టి పరిచి మధ్యలో గుంటలా చేసి, పైన ఎండుగడ్డి వేయండి. గుంట ఉంటే గుడ్లు పక్కలకి దొర్లిపోవు.

మార్చడం రాత్రే మార్చండి. పగలు మారిస్తే పాత చోటికే పరుగెడుతుంది. కొత్త చోట ముందు ఉత్తుత్తి గుడ్లు పెట్టండి, చెక్కవో ప్లాస్టిక్‌వో, అవి లేకపోతే మీ కోళ్ల గుడ్లే రెండు మూడు. ఒక రోజు, రెండు రోజులు చూసి, అది స్థిరంగా కూర్చుంటే అప్పుడు అసలు గుడ్లు తెచ్చి ఒకేసారి, రాత్రి పూట మార్చేయండి. గుడ్డులో ఎదుగుదల వేడి తగిలాకే మొదలవుతుంది. కాబట్టి వారం పాటు వేరు వేరు రోజుల్లో పెట్టిన గుడ్లైనా ఒకే రాత్రి కింద పెడితే ఒకేసారి లేస్తాయి.

గుడ్లిస్తామన్నవాళ్లకి ముందే చెప్పండి: వారం రోజుల్లోపు పెట్టినవి కావాలి, ఫ్రిజ్‌లో పెట్టినవి వద్దు, కడిగినవి వద్దు. గుడ్డు మీద కంటికి కనిపించని సన్నటి పొర ఉంటుంది, అది క్రిములు లోపలికి పోకుండా ఆపుతుంది, కడిగితే పోతుంది. మీ చేతికొచ్చాక సన్న కొస కిందికి పెట్టి చల్లటి చోట ఉంచండి. మరీ పెద్దవి, మరీ చిన్నవి, వంకరవి, సన్న గీత పగులున్నవి పక్కన పెట్టేయండి. దూరం నుంచి కుదుపుల్లో వచ్చిన గుడ్లైతే ఒక రోజు కదపకుండా ఉంచి అప్పుడు పెట్టండి.

ఎన్ని పెట్టాలి? ఇక్కడ ఆశ పనికిరాదు. చిన్న కోడికి ఆరేడు, పెద్ద ఒళ్లున్న కోడికి పది పన్నెండు. కోడి కూర్చున్నాక చుట్టూ తిరిగి చూడండి, ఒక్క గుడ్డు కూడా బయటికి కనిపించకూడదు. ఒకటి ఎక్కువైతే ఆ ఒక్కటే కదా పోయేది అనుకుంటాం. అలా కాదు. కోడి రోజులో చాలాసార్లు ముక్కుతో గుడ్లని తిప్పుతూ అంచువి మధ్యకి, మధ్యవి అంచుకి మారుస్తుంటుంది. ఇవాళ బయట మిగిలి చల్లబడ్డ గుడ్డు రేపు మధ్యలోకి పోతుంది, రేపు ఇంకోటి బయటికొస్తుంది. అలా ఒక్కో గుడ్డూ వంతులవారీగా చల్లబడి, ఎక్కువ పెట్టిన పాపానికి సగం పోతాయి. అన్ని గుడ్ల మీదా పెన్సిల్‌తో చుట్టూ ఒక గీత గీయండి, ఎటు తిప్పినా కనిపించేలా. ఎలాగోలా ఇంకో కోడి దూరి గుడ్డు పెడితే గీత లేనిదాన్ని ఆ రోజే తీసేయొచ్చు. మార్కర్ పెన్ను వద్దు, పెంకుకి సన్న రంధ్రాలుంటాయి, ఇంకు లోపలికి ఇంకొచ్చు.

మేత, నీళ్లు దగ్గర్లో పెట్టండి కానీ కూర్చున్న చోటే ముక్కుకి అందేలా వద్దు. లేవాలి, నాలుగడుగులు వేయాలి, రెట్ట బయట వేయాలి. గింజలు మంచివి, రెట్ట గట్టిగా ఉండి గుడ్లు పాడవవు. పక్కనే పొడి మట్టిలో కొంచెం బూడిద కలిపి ఒక తట్టలో పెడితే లేచినప్పుడల్లా పొర్లుతుంది. రోజుకి ఒక్కసారి కూడా లేవని మొండిదైతే మీరే ఎత్తి మేత దగ్గర దించండి. పావుగంట, ఇరవై నిమిషాలు బయట ఉన్నంత మాత్రాన గుడ్లకేమీ కాదు. ఎండలు మండే రోజుల్లో మాత్రం నోరు తెరిచి వగరుస్తోందేమో చూస్తుండండి. చిన్న మూతున్న పెట్టెలో ఉడికి చచ్చిపోయిన కోళ్లుంటాయి, గుడ్లు వదలలేక.

ఏడో రాత్రి ఒకసారి, పద్నాలుగో రాత్రి ఒకసారి గుడ్లని చూడండి. పిల్లలకి ఇదే అసలు పండగ. చీకటి గదిలో టార్చి వెలుగుని చేత్తో మూసి సన్నటి కిరణం చేసి, గుడ్డు పెద్ద కొసకి ఆనించండి. ఏడో రోజున జీవమున్న గుడ్డులో ఎర్రటి సన్న నరాలు ఒక నల్లటి చుక్క నుంచి సాలెగూడులా విచ్చుకుని కనిపిస్తాయి. కాసేపు ఆగి చూస్తే చుక్క కదిలినట్టు కూడా అనిపిస్తుంది. ఏమీ లేకుండా పసుపు రంగు వెలుగు మాత్రమే ఉంటే అది పుంజు తొక్కని గుడ్డు. నరాలు లేకుండా ఎర్రటి ఉంగరంలా గీత ఒక్కటే ఉంటే మొదలై ఆగిపోయింది. ఆ రెండు రకాలూ తీసేయండి. ముదురు రంగు పెంకు గుడ్లలో సరిగ్గా కనిపించదు, అనుమానమైతే ఉంచి పద్నాలుగో రోజు మళ్లీ చూడండి. అప్పటికి పెద్ద కొస వైపు గాలి గది తప్ప మిగతాదంతా నల్లగా నిండి ఉండాలి. వాసన వచ్చే గుడ్డు, ఊపితే లోపల నీళ్లు కదిలినట్టుండే గుడ్డు మురిగిందే, జాగ్రత్తగా దూరంగా పారేయండి.

పద్దెనిమిదో రోజు నుంచి చెయ్యి పెట్టకండి. ఇరవై ఒకటో రోజుకి అటూ ఇటూగా పెంకు మీద నక్షత్రంలా చిన్న చిట్లు కనిపిస్తుంది. అక్కడి నుంచి పిల్ల పూర్తిగా బయటపడడానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టినా అది మామూలే. మధ్యలో అలసి గంటల తరబడి కదలకుండా ఉంటుంది. మీ పిల్లలు "పాపం, మనం పెంకు తీద్దాం" అంటారు. తీయనివ్వకండి. పెంకు లోపలి పొరలో రక్తనాళాలు ఇంకా పని చేస్తుంటాయి, పచ్చసొన పొట్టలోకి పూర్తిగా లాక్కోవడం కూడా ఆ ఆఖరి గంటల్లోనే జరుగుతుంది. తొందరపడి ఒలిస్తే రక్తం కారి చచ్చిపోతుంది. లాక్కున్న ఆ సొనే దానికి రెండు రోజుల తిండి, కాబట్టి లేచిన వెంటనే మేత పెట్టలేదని బాధపడక్కర్లేదు. తల్లి కూడా ఆఖరి పిల్లల కోసం ఆ రెండు రోజులు కదలకుండా కూర్చుంటుంది. ఇరవై మూడో రోజు దాటినా చడీచప్పుడూ లేని గుడ్లని వదులుకోండి.

మొదటిసారి తల్లైన కోడి ఒక్కోసారి కదిలిన పిల్లని చూసి బెదిరి పొడుస్తుంది. అందుకని మొదటి పిల్ల లేచిన రోజు దూరం నుంచి గమనిస్తుండండి. ఒకటి రెండుసార్లు చిన్నగా పొడిస్తే పట్టించుకోవద్దు, రక్తం వచ్చేలా పొడుస్తుంటే పిల్లల్ని తీసి వెచ్చగా పెట్టి రాత్రి మళ్లీ తల్లి కింద పెట్టి చూడండి. చాలా కోళ్లు ఆ రాత్రికి సర్దుకుంటాయి.

పిల్లలకి నీళ్లు లోతులేని పళ్లెంలో పెట్టి, అందులో గులకరాళ్లు వేయండి. అంగుళం నీళ్లు చాలు కోడిపిల్ల మునగడానికి. దాణా పిల్లల స్టార్టర్ దాణానే పెట్టండి, తల్లి కూడా అదే తింటుంది, అప్పుడది గుడ్లు పెట్టడం లేదు కాబట్టి దానికి లోటేమీ ఉండదు. గుడ్ల కోళ్ల లేయర్ దాణా మాత్రం పిల్లలకి అందకూడదు. అందులో గుడ్డు పెంకు కోసం కాల్షియం బాగా ఎక్కువ వేస్తారు, పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. కింద పరిచింది తడిసిపోకుండా మారుస్తుండండి. రెట్టలో రక్తం కనిపిస్తే, పిల్లలు మునగదీసుకుని నిలబడుతుంటే ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి, అది తడి గడ్డిలో పెరిగే కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు అయి ఉండొచ్చు. కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) టీకా ఎప్పుడు వేయించాలో కూడా పిల్లలు లేచిన మొదటి వారంలోనే ఆయన్ని అడిగేయండి.

మిగిలిన వెచ్చదనం, కాపలా, చదువు అన్నీ తల్లే చూసుకుంటుంది. ఒక గింజ ముక్కుతో ఎత్తి కింద పడేసి టుక్ టుక్ మంటుంది, పిల్లలన్నీ పరుగెత్తుకొచ్చి అది తినాల్సిన వస్తువని నేర్చుకుంటాయి. పిల్లల కోడి దగ్గరికి మీరైనా, పక్కింటి పిల్లి అయినా జాగ్రత్తగా వెళ్లాల్సిందే. మిగతా కోళ్లతో ఒక వారం పది రోజులు జాలీ అడ్డంగా ఉండనిచ్చి తర్వాత కలపండి. ఆరేడు వారాలయ్యే సరికి తల్లే పిల్లల్ని పొడిచి దూరం కొడుతుంది. చూడ్డానికి కఠినంగా ఉంటుంది గానీ, అది మళ్లీ గుడ్లకి సిద్ధమవుతోందన్నమాట.

మీ ఇంటికి ఇంకో దారి కూడా ఉంది, నిజానికి మీకు నేను దీన్నే ఎక్కువ సూచిస్తాను. కోడిలో బలం ఉందనుకుంటే దాన్ని ఉత్తుత్తి గుడ్ల మీద ఇంకో వారం పది రోజులు, బాగా మేపుతూ కూర్చోనివ్వండి. అప్పటికి మూడు వారాలు దగ్గరవుతాయి. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల వయసున్న కోడిపిల్లల్ని కొని తెచ్చి, చీకటి పడ్డాక ఒక్కో ఉత్తుత్తి గుడ్డు తీస్తూ దాని స్థానంలో ఒక్కో పిల్లని రొమ్ము కిందికి జార్చండి. తెల్లారేసరికి చాలా కోళ్లు తనవే అనుకుంటాయి. పిల్లల వయసు రెండు మూడు రోజులు దాటితే అవి తల్లి మాట వినవు, తల్లీ వాటిని ఒప్పుకోదు. దీనిలో లాభమేంటంటే పెట్టలుగా వేరు చేసిన పిల్లలు దొరికితే అవే తెచ్చుకోవచ్చు, పుంజుల బెడద ఉండదు. గుడ్లు లేస్తాయో లేవో అన్న టెన్షన్ లేదు, కోడి ఇంకో 21 రోజులు ఎండిపోదు, మీ పిల్లల కోరికా తీరుతుంది. గుడ్డు పగలడం చూడలేరు, అంతే. తెల్లవారుజామున మాత్రం మీరు అక్కడ ఉండాలి, ఒప్పుకోకపోతే వెంటనే తీసి వెచ్చగా పెంచడానికి ఒక పెట్టె, బల్బు సిద్ధంగా ఉండాలి.

ఇది ఒక్కసారితో పోయే అలవాటు కాదు. పొదిగే గుణం జాతిని బట్టి ఉంటుంది. అసీల్, సిల్కీ లాంటి వాటికి ఎక్కువ, లెగ్‌హార్న్ లాంటి గుడ్ల జాతుల్లో ఆ గుణాన్ని మనుషులే తరాల తరబడి ఏరివేసి తగ్గించారు. మీ కోడికి ఒకసారి వచ్చిందంటే మళ్లీ వస్తుంది. గుడ్లు పూటపూటా తీసేస్తుండండి, బుట్టలో గుడ్లు పోగుపడితే ఆ కోరిక త్వరగా పుడుతుంది. సాయంత్రం కోళ్లన్నీ దండెం మీదికెక్కాక ఒకసారి బుట్ట వైపు టార్చి వేయండి. అక్కడ ఒకటి మిగిలిపోయి కనిపించిన మొదటి రాత్రే తీసి దండెం మీద కూర్చోబెట్టి, బుట్టకి మూత వేసేయండి. రెండో రాత్రి కూడా అక్కడే దొరికితే పొద్దున్నే పంజరం బయటికి తీయండి. అప్పుడు పది రోజుల పని రెండు మూడు రోజుల్లో అయిపోతుంది.